పొలంలో దొరికిన పాత సీసపు తుపాకీ గుండు: గుర్తుపట్టడం, తీయడం, దాచడం

తొలకరి పడి దుక్కి అయ్యాక, లేదా రోటవేటర్ తిప్పిన నాలుగు రోజులకి ఒక గట్టి వాన కురిశాక, పైమట్టి కడుక్కుపోయి కింద ఉన్నవన్నీ బయటపడతాయి. కుండపెంకులు, గాజుముక్కలు, అప్పుడప్పుడూ అరిగిపోయిన కాణీ. వాటి మధ్య ఒక్కోసారి తెల్లటి పూత పట్టిన, సైజుకి మించిన బరువున్న గుండ్రటి గోళీ ఒకటి దొరుకుతుంది. చాలామంది దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్లి, చింతపండు పెట్టి తోమి, మెరిసేదాకా తోమి, పిల్లల చేతికిస్తారు. ఈ నాలుగు పనుల్లో ఒక్కటి కూడా చెయ్యకూడదు. ఎందుకో, బదులుగా ఏం చెయ్యాలో వరసగా చెప్తాను.

మన దగ్గర ఇవి దొరకడంలో వింతేమీ లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద బుస్సీ ఫ్రెంచి సేనలూ విజయనగరం సేనలూ పడ్డాయి. 1758 డిసెంబరులో ఇప్పటి గొల్లప్రోలు మండలంలోని చందుర్తి దగ్గర కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం, కాన్‌ఫ్లాన్ నాయకత్వంలో ఫ్రెంచి సైన్యం బహిరంగ మైదానంలో తలపడ్డాయి. ఆ తరవాత నాలుగు నెలలకి, 1759 ఏప్రిల్లో, అదే ఫోర్డ్ మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగాడు. ఇవి పేరున్న యుద్ధాలు. పేరు లేని జమీందారీ తగాదాలు, కోట ముట్టడులు, వేటలు, సిపాయిల షికార్లు, పేల్చి చూసే కసరత్తులు ఇంకెన్నో. కాబట్టి గుండు దొరికినంత మాత్రాన అక్కడ యుద్ధం జరిగిందని ఊరంతా చాటించకండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. సీసపు గుండుకి అమ్మకం విలువ దాదాపు ఏమీ ఉండదు. దాని విలువంతా అది ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన పడి ఉందన్న దాంట్లో ఉంటుంది. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడిపోయి నేల బయటపడితే, మర్నాటి ఏడాది నుంచి పురావస్తు శాస్త్రవేత్తలు ప్రతి తూటా, ప్రతి ఖాళీ తూటా గొట్టం పడిన చోటును మ్యాపు మీద గుర్తు పెట్టారు. అమెరికా సైన్యానికీ అక్కడి ఆదివాసీలకీ 1876లో జరిగిన ఆ యుద్ధంలో ఎవరు ఎటు కదిలారో, ఎక్కడ నిలబడి కాల్చారో దాని నుంచి తేల్చారు. ఆ గుళ్లన్నీ ముందే ఎవరో ఏరి డబ్బాలో పోసి ఉంటే ఆ కథ ఎప్పటికీ తెలిసేది కాదు.

మొదటి పని: చేతులు వెనక్కి

చూడగానే ముట్టుకోవద్దు. ముందు అది పేలే వస్తువు కాదని తేల్చుకోవాలి. ఇది చాదస్తం కాదు. మన పొలాల్లో గుండ్రంగా ఉండి ప్రాణం తీసేది పాత సీసపు గుండు కాదు, అడవి పందుల కోసం పెట్టే నాటు బాంబు. దారంతోనో గుడ్డతోనో టేపుతోనో చుట్టి, పైన పిండో కొవ్వో పూసి వదిలేస్తారు. ఎన్ని ఆవులు, కుక్కలు వాటిని కొరికి నోరు పోగొట్టుకున్నాయో పల్లెల్లో అందరికీ తెలుసు. కాబట్టి గుండ్రటి వస్తువు మీద దారం, గుడ్డ, కాగితం, టేపు, మైనం, పిండి లాంటివి ఏవి కనిపించినా అక్కడితో ఆగి, మనుషుల్నీ పశువుల్నీ దూరం జరిపి 112కి ఫోన్ చెయ్యండి. కర్రతో పొడిచి చూద్దామనే బుద్ధి ఎవరికో ఒకరికి పుడుతుంది, వాళ్లని ముందు ఆపండి.

రెండోది, పెద్ద ఇనుప గుండు. పిడికిలి కంటే పెద్దగా, తుప్పు పట్టి ఉంటే అది ఫిరంగి గుండు కావచ్చు. లోపలంతా ఇనుమే అయితే పేలదు. కానీ మోర్టారు (పొట్టి ఫిరంగి) నుంచి వేసే గుండ్లు లోపల డొల్లగా ఉంటాయి, అందులో మందు కూరి ఒక చిల్లులో వత్తి పెట్టేవాళ్లు. ఆ చిల్లు తుప్పులో, మట్టిలో మూసుకుపోతే బయటికి కనిపించదు. వందేళ్లు మట్టిలో ఉంటే మందు చచ్చిపోతుందిలే అని ధీమా వద్దు. 2008లో వర్జీనియాలో, అమెరికా అంతర్యుద్ధం నాటి గుండ్లను శుభ్రం చెయ్యడంలో ఎంతో అనుభవమున్న ఒక వ్యక్తి, తన ఇంటి ఆవరణలోనే అలాంటి గుండు ఒకటి పేలి చనిపోయాడు. నూట నలభై ఏళ్ల పైబడిన మందు అది.

మూడోది, ఇత్తడి గొట్టంతో కలిసి ఉన్న తూటా. ముఖ్యంగా మన్యం వైపు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల నుంచి ఆయుధాలు పట్టుకెళ్లిన దగ్గర్నుంచి మొన్నమొన్నటి ఎదురుకాల్పుల దాకా అక్కడి నేలలో ఏ కాలానిదైనా ఉండొచ్చు. ఇత్తడి గొట్టం అడుగున టోపీ (మందుకి నిప్పు రాజేసే చిన్న బిళ్ల) ఉండి, పైన తూటా ఇంకా బిగిసే ఉంటే అది పేలే సరుకే. ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి.

ఇవేవీ కాదు, పైన చుట్టిందేదీ లేని చిన్న తెల్లటి లేదా బూడిదరంగు గోళీ అని తేలాక మిగతా పని.

రెండో పని: ఉన్నచోటే ఫోటో

తీసే ముందు ఫోన్ తీయండి. ఒకటి దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి (స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం పెట్టండి, అది 27 మిల్లీమీటర్లు ఉంటుంది). ఇంకొకటి దూరం నుంచి, గట్టు, చెట్టు, బోరు షెడ్డు, ఏదో ఒక కదలని ఆనవాలు పడేలా. తరవాత మ్యాప్స్ యాప్‌లో ఆ చోటు మీద వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే అంకెల్ని అలాగే కాపీ చేసి పెట్టుకోండి. అన్ని దశాంశాలూ కావాలి, రెండు అంకెలకి కుదిస్తే కిలోమీటరు తేడా వచ్చేస్తుంది. సర్వే నంబరు, లోతు (పైనే ఉందా, జానెడు కిందా), తేదీ, నేల రకం, ఎర్రనేలా నల్లరేగడా ఇసకపర్రా అన్నది రాసుకోండి.

తవ్వుకుంటూ పోకండి. ఒకటి దొరగ్గానే పారలు పట్టుకుని ఇంకా ఉంటాయేమోనని దిగిపోవడం మనవాళ్లకి అలవాటు. గుప్తనిధుల తవ్వకాలని పోలీసులు వస్తారు, అది ఒక టెన్షన్. దానికన్నా పెద్ద నష్టం, మట్టి పొరలు కలిసిపోతే ఆ చోటు చెప్పగలిగే సంగతులు అక్కడితో అయిపోతాయి.

మూడో పని: తీయడం

రబ్బరు గ్లౌజులు ఉంటే మంచిది, మెడికల్ షాపులో దొరికే మామూలు నైట్రైల్వి చాలు. లేకపోతే ఒక పాలిథిన్ కవర్ని చేతికి తొడుక్కుని, దానితోనే పట్టుకుని, కవరు లోపలికి తిప్పేయండి. గుండుకి అంటిన మట్టి అలాగే ఉండనివ్వండి. గోరుతో గీకొద్దు. పళ్ల కింద పెట్టి సీసమో కాదో చూస్తానంటారు కొందరు పెద్దాళ్లు, దణ్ణం పెట్టి వద్దని చెప్పండి.

చేతికి తగిలితే చచ్చిపోతామా అని అడుగుతారు. లేదు. లోహపు సీసం చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. ప్రమాదమంతా నోటి నుంచీ ముక్కు నుంచీ. పైన ఉన్న ఆ తెల్లటి పూత ఉంది చూశారా, అది ఎక్కువగా సీసపు కార్బొనేట్, గీస్తే పొడిలా రాలుతుంది, వేళ్ల గీతల్లోకి, గోళ్ల కిందికి చేరుతుంది. మనం అన్నం కలుపుకుని తినేది ఆ వేళ్లతోనే. బీడీ వెలిగించేది, ఖైనీ నలిపేది, కిళ్లీ చుట్టి నోట్లో పెట్టుకునేది ఆ వేళ్లతోనే. స్పూనుతో తినే దేశాలవాళ్ల కోసం రాసిన జాగ్రత్తలకి మనం ఇంకో జాగ్రత్త కలపాలి: ముట్టుకున్నాక సబ్బుతో, గోళ్ల కింద కూడా రుద్ది కడుక్కున్నాకే ఏదైనా నోటి దగ్గరికి. శానిటైజర్ రాసుకుంటే సరిపోదు, అది క్రిముల్ని చంపుతుందే కానీ సీసాన్ని తీసెయ్యదు.

నాలుగో పని: ఇది సీసమేనా?

నాలుగు పరీక్షలు చాలు, ఏదీ గుండుని గీసేది కాదు.

అయస్కాంతం. పాత స్పీకర్లో ఉండేదైనా సరే. అంటుకుంటే ఇనుము, సీసం కాదు.

బరువు. 0.1 గ్రాము చూపే చిన్న కాంటా ఆన్‌లైన్లో దొరుకుతుంది, లేకపోతే ఊళ్లో బంగారం షాపులో అడగండి. గుండుని జిప్ కవర్లోనే ఉంచి తూయించండి, ఖాళీ కవరు బరువు తీసెయ్యండి. వంటింటి కాంటా మీద నేరుగా పెట్టొద్దు.

వ్యాసం. వెర్నియర్ కాలిపర్ ఉంటే ప్లాస్టిక్‌ది వాడండి, స్టీలు దవడలు సీసం మీద గాటు పెడతాయి. లేకపోతే సన్నటి కాగితపు పట్టీని గుండు నడుముకి చుట్టి, కలిసిన చోట పెన్సిల్ గీత పెట్టి, విప్పి కొలిచి 3.14తో భాగించండి. చుట్టుకొలత 55 మిల్లీమీటర్లు వస్తే వ్యాసం పదిహేడున్నర.

నాలుగోది నాకు బాగా ఇష్టం. ఒక పారేసే ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోసి కాంటా మీద పెట్టి, అంకె సున్నా చెయ్యండి. గుండుకి సన్నటి దారం కట్టి, అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాంటా ఇప్పుడు చూపించే గ్రాములే ఆ గుండు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ముందు తూచిన బరువుని దీనితో భాగించండి. 25 గ్రాముల గుండు 2.2 చూపిస్తే 11.3 పైన వస్తుంది, అది సీసం (శుద్ధ సీసం సాంద్రత 11.34). పోతలో గాలి బుడగలు, మట్టి, పైపూత వల్ల 10.5 దాకా దిగినా కంగారు పడక్కర్లేదు. ఏడు, ఎనిమిది మధ్య వస్తే ఇనుము. రెండున్నర, మూడు దగ్గర వస్తే రాయి లేదా గాజు. అయిపోయాక ఆ గ్లాసు పారెయ్యండి.

దున్నేటప్పుడు చెక్కుకుపోయిన, లేదా దేనికో తగిలి చదునైపోయిన గుండుకి వ్యాసం కొలవడం కుదరదు కదా, దానికో కిటుకుంది. బరువుకి ఘనమూలం కట్టి 5.6తో గుణిస్తే అది గుండ్రంగా ఉన్నప్పటి వ్యాసం మిల్లీమీటర్లలో ఇంచుమించుగా వస్తుంది. 27 గ్రాములైతే ఘనమూలం 3, వ్యాసం 16.8. కొన్ని ఫోన్లలో కాలిక్యులేటర్ని అడ్డంగా తిప్పితే ఘనమూలం మీట వస్తుంది. ముక్క విరిగిపోయి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

గుండు మీద ఏం చూడాలి

చీకటి గదిలో తెల్ల కాగితం మీద పెట్టి, ఫోన్ టార్చిని పక్క నుంచి, దాదాపు నేలకి ఆనించి వెలిగించండి. ఎదురుగా చూస్తే కనిపించని గీతలు ఆ వెలుతురులో నీడలు పడి లేస్తాయి. మెల్లగా తిప్పుతూ చూడండి.

నడుము చుట్టూ సన్నటి గట్టు లాంటి గీత కనిపిస్తే అది అచ్చు అతుకు, రెండు పట్టెల అచ్చులో కరిగిన సీసం పోసినప్పుడు వచ్చేది. ఆ గీత మీదే ఒకచోట చిన్న చదును బిళ్ల, దాని మీద కత్తిరించిన గాటు ఉంటుంది. సీసం పోసిన మెడను పట్టకారుతో తుంచిన గుర్తు అది. ఈ రెండూ స్పష్టంగా ఉండి గుండు గుండ్రంగా ఉంటే అది పేల్చనిది, ఎవరి సంచిలోంచో జారిపోయింది. యుద్ధంలో చేతులు వణుకుతుండగా మందు కూరేవాళ్ల దగ్గర్నుంచి జారిపడే గుళ్లు తక్కువేమీ కాదు.

పేల్చిన గుండుకి వేరే గుర్తులుంటాయి. నడుము చుట్టూ వెడల్పాటి నునుపు పట్టీ ఉంటే గొట్టానికి ఒరుసుకున్నట్టు. ఒకవైపు గుంటగా నొక్కుకుపోతే గజంతో (గొట్టంలో మందూ గుండూ కూరే కడ్డీతో) గట్టిగా దట్టించినట్టు. ఒకవైపు పూర్తిగా చదునై, అంచులు బయటికి చీలి వంగితే రాతినో గోడనో ఎముకనో కొట్టినట్టు. మెత్తటి దుక్కిలో పడ్డదైతే పేల్చినా దాదాపు గుండ్రంగానే ఉంటుంది, కాబట్టి గుండ్రంగా ఉంటే పేల్చలేదని తేల్చెయ్యకండి.

నాగలి, రోటవేటర్ గాట్లని వేరుగా చూడాలి. కొత్త గాటు లోపల సీసం మెరుస్తూ లేదా ముదురు బూడిదరంగులో ఉంటుంది. పాత గాటు లోపల కూడా అదే తెల్లపూత పట్టేసి ఉంటుంది. ఇంకొకటి, పంటి గుర్తులు. గాయపడ్డ సైనికుడు నొప్పికి కొరికాడని సినిమా కథ ఒకటి వెంటనే తయారవుతుంది. చాలావరకు అవి పందుల పళ్లు, ఎలకల పళ్లు. పందులు మట్టిలో దొరికిన సీసాన్ని నమలడం మామూలే.

ఎవరి తుపాకీది?

ఇక్కడే అందరికీ ఆత్రం, ఇక్కడే ఎక్కువ పొరపాట్లు. కంపెనీ సిపాయిలు, ఆంగ్ల సైనికులు వాడిన బ్రౌన్ బెస్ తరహా తుపాకీ గొట్టం లోపలి వెడల్పు దాదాపు 19 మిల్లీమీటర్లు. గుండు మాత్రం కొంచెం చిన్నది, 17.5 దగ్గర, బరువు 30 నుంచి 32 గ్రాములు, అంటే నాలుగు పది రూపాయల నాణేలంత. కాగితంలో చుట్టి గొట్టంలోకి తొందరగా జారవిడవాలంటే ఆ సందు కావాలి. ఫ్రెంచి వాళ్ల తుపాకీ గొట్టం 17.5, గుండు 16 నుంచి 16.5, బరువు 24 నుంచి 27 గ్రాముల మధ్య. చందుర్తి లాంటి చోట ఈ రెండు రకాలూ ఏ వైపు ఎక్కువ పడి ఉన్నాయో తెలిస్తే అది పెద్ద సంగతే. కానీ ఒక్క గుండు చూసి ఇది ఫ్రెంచి వాళ్లది అనకండి. ఫ్రెంచి గుండు ఇంగ్లీషు తుపాకీలో హాయిగా పడుతుంది, పట్టుబడ్డ తుపాకులు చేతులు మారేవి, సిపాయిల దగ్గర కలగాపులగంగా ఉండేవి.

14, 15 మిల్లీమీటర్లవి గుర్రపు దళాల పొట్టి తుపాకులవో పిస్తోళ్లవో కావచ్చు, మన వత్తి తుపాకులవీ కావచ్చు. జమీందారీ బంట్ల తుపాకులకి ఒకే కొలత అంటూ లేదు, ఏ తుపాకీకి దాని అచ్చు. 20 దాటితే బురుజు మీద ఆనించి పేల్చే పెద్ద తుపాకులది, లేదా ఫిరంగిలో సంచీ కట్టి వేసే చిన్న గుళ్లలో ఒకటి. 9 కంటే తక్కువైతే వేటకి వాడే రవ్వలు, పాతవీ కావచ్చు, పోయినేడు ఎవరో నాటు తుపాకీతో పేల్చినవీ కావచ్చు.

గుండ్రంగా కాకుండా కొనదేలి, అడుగున గుంట ఉంటే అది ఇంచుమించు 1850 నుంచి ఇటువైపుది. 1857లో కొవ్వు తూటాల గొడవకి కారణమైన ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటా ఈ జాతిదే, 34 గ్రాముల దాకా తూగుతుంది. పైన రాగి రంగు లేదా వెండి రంగు గట్టి తొడుగు ఉంటే అది పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇప్పటిదాకా ఎప్పటిదైనా కావచ్చు, దాన్ని పాత సామాను అనుకోకండి.

మోసం చేసేవి కూడా చెప్పాలి. కాలవల దగ్గర, తీరం దగ్గర దొరికేవాటిలో సగం వలకి కట్టే సీసపు గుళ్లే, వాటికి మధ్యలో చిల్లు ఉంటుంది, మట్టి మూసేస్తే కనిపించదు, అందుకే టార్చి పెట్టి చూడమన్నాను. బేరింగు గోళీలు అయస్కాంతానికి దొరికిపోతాయి. వడిసెలలో పెట్టి పిట్టల్ని తోలే రాళ్లు, మట్టి ఉండలు బరువులో దొరికిపోతాయి.

కడగడం: వీలైనంత తక్కువ

మన ఇళ్లలో లోహం అంటే చింతపండు. రాగి చెంబుకి అది మందే, సీసానికి మాత్రం కాదు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, పీతాంబరి, స్టీల్ పీచు ఏదీ వద్దు. ఆ తెల్లపూతే లోపలి సీసాన్ని ఇంకా తినెయ్యకుండా రెండొందల ఏళ్లు కాపాడింది, మీరు చూడాలనుకున్న అచ్చు గీతలు, గాట్లు కూడా చాలావరకు ఆ పూతలోనే ఉంటాయి. పులుపు తగిలితే పూత కరిగిపోతుంది, కరిగిన సీసం నీళ్లలోకి వస్తుంది, ఆ నీళ్లు మీ సింకులో, మీ గిన్నెల మీద. వెనిగర్‌తో ఏర్పడే సీసపు ఎసిటేట్ తియ్యగా ఉండే విషం.

మట్టి గట్టిగా అంటుకుని ఏమీ కనిపించకపోతే, మామూలు మంచినీళ్లు కొంచెం పారేసే గిన్నెలో పోసి, గుండుని ఐదు నిమిషాలు నానబెట్టి, మెత్తటి పాత బ్రష్షుతో నీళ్లలో ఉంచే తట్టండి, రుద్దకండి. పొడిగా ఉన్నప్పుడు బ్రష్షు పెడితే దుమ్ము లేస్తుంది, అదే పీల్చకూడనిది. తరవాత టిష్యూ మీద నీడలో ఆరనివ్వండి. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. ఆ బ్రష్షు, టిష్యూ, గ్లౌజులు ఒక కవర్లో కట్టి పారెయ్యండి. బల్ల తడిగుడ్డతో తుడవండి, చీపురు పెట్టొద్దు. పూత పొడిపొడిగా రాలుతుంటే కడగడం మానేసి అలాగే కవర్లో పెట్టెయ్యండి.

కరిగించడం గురించి ఒక్క ముక్క. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, పొయ్యి మీద కరుగుతుంది, అందుకే వల గుళ్లు పోసుకోవడానికి ఎవరో ఒకరు అడుగుతారు. ఇవ్వకండి. కరిగించేటప్పుడు లేచే పొగ, పైన తేలే మడ్డి పొడి ఇంట్లో వాళ్లందరి ఊపిరిలోకి పోతాయి.

పిల్లలు, గర్భిణులు, పశువులు

రక్తంలో ఇంత సీసం ఉన్నా పర్వాలేదనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒకే మోతాదు నోట్లోకి పోయినా చిన్నపిల్లల ఒంటికి పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా ఎక్కుతుంది, మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. గర్భిణులకి ఇంకో చిక్కు, ఎముకల్లో ఎప్పుడో చేరిన సీసం కూడా గర్భంతో ఉన్నప్పుడు రక్తంలోకి వచ్చి బిడ్డకి చేరుతుంది. కాబట్టి ఈ గుళ్లు గోళీలాటకి కాదు, తాయెత్తుకి కాదు, మొలతాడుకి కాదు, దేవుడి గూట్లో పెట్టి రోజూ పసుపు కుంకాలు రాయడానికీ కాదు.

పిల్లాడు మింగేస్తే: వాంతి చేయించకండి, పెరుగో నెయ్యో తాగించి రేపు చూద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేసి లేదా ఉన్న బండిలో ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. సీసం ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది. మింగింది సీసం అని నోరు తెరిచి చెప్పండి, నాణెం మింగిన కేసులా బయటికి వచ్చేస్తుందిలే అని డాక్టరు అనుకోకుండా. పొట్టలోని ఆమ్లంలో సీసం కరుగుతూ ఉంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ రక్తంలోకి చేరుతుంది. రక్తంలో సీసం పరీక్ష చెయ్యమని అడగండి. గొంతులో ఇరుక్కుని ఊపిరి ఆడకపోతే అది వేరే, అప్పటికప్పటి అత్యవసరం.

పశువుల సంగతి చాలామంది మర్చిపోతారు. ఆవులు సీసం నాకుతాయి, పాత బ్యాటరీ పలకలు నాకి చచ్చిపోయిన పశువులు ఉన్నాయి. గుండుని తొట్టి దగ్గర, దాణా గంప పక్కన పెట్టొద్దు.

దాచడం

సీసానికి పడనిది పచ్చి చెక్క, ప్లైవుడ్, అట్టపెట్టె. వీటిలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికే మూసిన పెట్టెలో సీసం తెల్లగా పూసి పొడిగా రాలుతుంది. జిప్ ఉన్న పాలిథిన్ కవరు, దాన్ని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి తోడు. వంటింటి డబ్బా కాకుండా వేరే డబ్బా. పైన మార్కరుతో ‘సీసం, విషం, ముట్టుకోవద్దు’ అని తెలుగులో రాసి, పిల్లలకి అందని చోట. కవర్లో ఒక చీటీ: ఊరు, సర్వే నంబరు, మ్యాపు అంకెలు, లోతు, తేదీ, బరువు, వ్యాసం. ఒక కవర్లో ఒక్కటే గుండు, రెండు కలిపితే ఏది ఎక్కడిదో ఇక తెలియదు.

చెప్పాల్సిన చోట చెప్పడం

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా నడుస్తోంది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏది దొరికినా, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజెయ్యాలి, చెప్పకపోతే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఒక్క సీసపు గుండుకి అంత హడావుడా అనిపించొచ్చు. అయినా తహసీల్దారు ద్వారా ఒక అర్జీ, ఫోటోలతో సహా, కాపీ మీద ముద్ర వేయించుకుంటే మీకే రక్షణ. రాష్ట్ర పురావస్తు శాఖకి కూడా అదే కాపీ పంపండి. ఒకేచోట ఐదారు గుళ్లు, బొత్తాలు, చెకుముకి రాళ్లు కలిసి కనిపిస్తే మాత్రం తప్పక చెప్పాల్సిందే.

వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చెయ్యకూడదు, దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న మనవడికి గుర్తుగా ఉంటుందని సూట్‌కేసులో సర్దే తాతలకి ఇది గట్టిగా చెప్పండి, పైగా విమానాశ్రయంలో స్కానర్ కింద అది తుపాకీ గుండే, మీరు చెప్పే చరిత్ర అక్కడ ఎవరూ వినరు. గోల్కొండ, గండికోట, చంద్రగిరి లాంటి రక్షిత కట్టడాల పరిధిలో మెటల్ డిటెక్టరు పట్టుకుని తవ్వడం నేరం.

విదేశాల్లో ఉన్నవాళ్లకి కూడా ఇది పనికొచ్చే విషయమే. వర్జీనియాలో మనవాళ్లు చాలామంది ఉండే షాంటిలీ దగ్గర 1862 సెప్టెంబరు 1న అమెరికా అంతర్యుద్ధంలో ఒక పోరు జరిగింది, ఆ కాలపు ఇంకో యుద్ధభూమి మనాసస్ కూడా దగ్గరే, పెరట్లో మొక్కలు నాటుతుంటే మూడు గాడులున్న కొనదేలిన సీసపు తూటా బయటపడొచ్చు. సొంత స్థలంలో దొరికితే ఉంచుకోవచ్చు, జాతీయ యుద్ధభూమి పార్కులో నేల మీద పడి ఉన్నదాన్ని తీసినా నేరమే. పెద్ద ఇనుప గుండు కనిపిస్తే అక్కడ 911. ఇంగ్లండులో ఉన్నవాళ్లు పొలం యజమాని అనుమతి ఉంటే, దొరికినదాన్ని అక్కడి పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ స్థానిక అధికారికి చూపించి నమోదు చేయించొచ్చు, సాధారణంగా వస్తువు మీకే తిరిగి ఇస్తారు.